మంచు మీది పనితనం

ఇన్యుయిట్ వేటగాడి హార్పూన్ మొన సీల్ ఒంట్లో దిగగానే కర్ర నుంచి విడిపోతుంది. తోలుతాడు బిగిసేకొద్దీ ఆ మొన చర్మం కింద అడ్డం తిరిగి, గుండీలా పట్టేస్తుంది. జంతువు ఎంత గింజుకున్నా ఊడిరాదు. బహిరంగ జలాల వేటలో తాడు రెండో కొసకు గాలి నింపిన సీల్‌తోలు తిత్తి, అవతాక్, కడతారు. అది జంతువును అలసిపోయేలా చేస్తుంది, మునగనివ్వదు. 1848లో అమెరికాలోని న్యూబెడ్‌ఫర్డ్ కమ్మరి లూయిస్ టెంపుల్ ఈ సూత్రంతోనే ఇనుప హార్పూన్ చేశాడు. ఆర్కిటిక్‌లో ఎముకతో, దంతంతో ఆ పని అప్పటికే శతాబ్దాలుగా సాగుతోంది. ఎంత అందమైన ఆలోచన!

చేపలకు కకివాక్ వాడతారు: నడుమ ఒక మొన, ఇరుపక్కలా లోపలికి తిరిగిన ముళ్లతో రెండు కొమ్ములు. చేప తగలగానే అవి విచ్చుకుని, మళ్లీ బిగుసుకుంటాయి.

సముద్రపు మంచు ఆలస్యంగా గట్టిపడి త్వరగా కరుగుతున్న ఈ కాలంలో, అడుగు వేసేముందు మంచును పొడిచి చూసే కర్ర ప్రాణాధారం. అందుకే ఈ సంచికలో మేమంతా వస్తువు కన్నా దాని వెనుక ఉన్న చేతి తెలివినే వెతికాం. వీటిని మ్యూజియం అద్దాల వెనకే వదిలేయడానికి మనసొప్పలేదు. కెనడాలోని నూనావుత్‌లో నేటికీ రైఫిల్ పక్కన హార్పూన్ ఉంటుంది; తూటా తగిలిన సీల్ మునిగిపోకుండా పట్టేది అదే.