దశల పట్టికలో వినబడని మాట: శిశు వికాస సిద్ధాంతాల వినియోగంపై ఒక అభ్యంతరం

మన రాష్ట్రంలో ఉపాధ్యాయ వృత్తిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ పియాజె పేరు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం తరువాత వచ్చిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష మొదటి పేపరులో 150 ప్రశ్నలుంటే, అందులో 30 శిశు వికాసానికి, బోధనాశాస్త్రానికి సంబంధించినవి. ఆ 30 మార్కుల కోసం ఇంద్రియ చాలక దశ మొదలు అమూర్త ప్రచాలక దశ వరకు నాలుగు దశలనూ, వాటి వయఃపరిమితులనూ అభ్యర్థులు కంఠస్థం చేస్తారు. ఉద్యోగం వచ్చాక ఆ పట్టికే పిల్లల్ని చూసే కళ్లద్దమవుతుంది. ఈ సిద్ధాంతాలు నిరుపయోగమన్నది ఈ వ్యాసం వాదం కాదు. వాటిని బడిలో తీర్పులుగా వాడుతున్నామన్నది మొదటి అభ్యంతరం. ఆ తీర్పులు చాలావరకు భాష దగ్గర తప్పుతున్నా తెలుగు శాఖలు పట్టించుకోవడం లేదన్నది రెండవది.

జ్యా పియాజె (1896–1980) తన అన్వేషణను పిల్లల తప్పు జవాబుల నుంచి ప్రారంభించాడు. పారిస్‌లో తార్కిక పరీక్షలను ప్రామాణీకరించే పనిలో ఉన్నప్పుడు, పిల్లలు ఎన్ని తప్పులు చేశారన్న లెక్క కన్న ఆ తప్పుల వెనుక ఉన్న ఆలోచన ఆయనను ఆకర్షించింది. అందుకే ఆయన పద్ధతిలో జవాబు తరువాత ‘ఎందుకు?’ అన్న ప్రశ్న తప్పనిసరి. కారణం చెప్పే మాటల్లోనే వికాసం బయటపడుతుంది. మన పరీక్షలు ఆ ‘ఎందుకు’ను తొలగించి, వయసునూ దశ పేరునూ మాత్రమే మిగిల్చాయి.

ఈ నష్టం ఎలాంటిదో ఒక ఊహా సన్నివేశంతో పరిశీలిద్దాం. హుస్నాబాద్ ప్రాంతంలోని ఒక బడిలో ఉపాధ్యాయుడు పొట్టి గ్లాసులోని నీళ్లను సన్నని పొడుగు గ్లాసులో పోసి, ‘ఇప్పుడు నీటి పరిమాణం అధికమైనదా?’ అని ఒకటో తరగతి పిల్లవాడిని అడిగాడనుకుందాం. పిల్లవాడు మౌనంగా ఉంటే ‘పదిలపరచుకొనే భావన లోపం, పూర్వప్రచాలక దశ’ అని పట్టిక చెబుతుంది. అదే ప్రశ్న అతని మాటలో అడిగితే, ‘గా గిలాసలకెల్లే గిండ్ల పోసిండ్రు గద సారూ, గన్నే ఉంటయి’ అని అతడు అనవచ్చు. పియాజె కోరిన తర్కం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది: మూలం ఒకటే, పాత్ర మాత్రమే మారింది, కనుక పరిమాణం మారదు. కాని ‘గిలాస కాదు, గ్లాసు అనాలి’ అని సవరించే చెవికి ఆ తర్కం వినబడదు. ఉచ్చారణను దిద్దే తొందరలో ఆలోచన జారిపోతుంది.

ప్రశ్న అడిగే తీరు జవాబును మార్చగలదని పరిశోధనలు ఏనాడో చూపాయి. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగితే పిల్లలు తమ మొదటి జవాబు తప్పనుకొని మార్చుకునే అవకాశముందని రోజ్, బ్లాంక్ 1974లోనే గుర్తించారు. పరీక్షించే పెద్దల ఉద్దేశాన్ని ఊహిస్తూ పిల్లలు జవాబిస్తారనీ, పరిస్థితి వారికి అర్థవంతమైతే ఎక్కువ మంది సరిగా ఆలోచిస్తారనీ మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో వాదించింది. మెక్సికోలో కుండలు చేసే కుటుంబాల పిల్లలు మట్టి పరిమాణం విషయంలో తోటివారి కన్న ముందున్నారని 1969 నాటి ఒక అధ్యయనం తెలిపింది. మన పల్లెల్లో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న కొలతలతో ధాన్యం ఒక పాత్ర నుంచి మరో పాత్రకు మారుతూ వచ్చింది. పరిమాణ భావనకు ఇంతకు మించిన పాఠం ఏముంటుంది? పట్టికలో మాత్రం సోలకూ మానికకూ చోటు లేదు.

వైగోట్‌స్కీ (1896–1934) విషయంలో మన వైరుధ్యం ఇంకా తీవ్రమైనది. ఆలోచనకు భాష సాధనమనీ, పెద్దల ఊతంతో పిల్లలు తమ ప్రస్తుత స్థాయిని దాటగలరనీ చెప్పిన ఆయన ‘సామీప్య వికాస మండలా’న్ని నిర్వచనంగా బట్టీ పడతాం. ఊతమిచ్చే పెద్దల భాష పిల్లలకు అందకపోతే ఆ మండలం ఎక్కడిది? అక్కన్నపేట పరిసరాల తండాల్లో పిల్లల ఇంటి భాష లంబాడీ. అది ఇండో ఆర్య కుటుంబానికి చెందినది. తెలుగు వాచకమే ఆ పిల్లలకు రెండో భాష. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ప్రవేశించిన ఆంగ్ల మాధ్యమంతో అది మూడో మెట్టుకు చేరింది. ఆ మెట్టుపై తడబడినవారిని ‘మందకొడి’ అనడం శాస్త్రం కాదు, అన్యాయం.

దీనికి భిన్నమైన దారి మన ప్రాంతానికి కొత్తది కాదు. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో 1940లలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టారు. ఇంటి భాషను వంతెనగా చేసుకోవచ్చని ఆ ప్రయత్నం ఎనభై ఏళ్ల కిందటే చూపింది.

ప్రామాణిక భాష రాకపోతే పిల్లలు పోటీలో నిలవరన్నది తరచుగా వినిపించే ఆక్షేపణ. ప్రామాణిక భాష రావాలి, ఆంగ్లమూ రావాలి. అయితే తెలిసిన మాట మీద నిలబడినవారికే తెలియని మాట అందుతుంది. పాశ్చాత్య సిద్ధాంతాలు మనకెందుకన్నది మరో వాదం. అదీ సోమరితనమే. ‘ఎందుకు?’ అని పిల్లలనే అడగమన్న పియాజె మనకు పరాయివాడు కాడు. ఆయనను పట్టికగా కుదించినది మనమే.

అందువల్ల తెలుగు శాఖల ముందు మూడు పనులున్నాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు పరిమాణాన్ని, పోలికను, కారణాన్ని ఏ మాటల్లో చెబుతారో మండలాలవారీగా నమోదు చేయాలి. మాండలిక పరిశోధన వృత్తిపదాల సేకరణతో ఆగక బాలభాషకు విస్తరించాలి. ఆ సామగ్రితో ఉపాధ్యాయ శిక్షణ సంస్థల కోసం స్థానిక కృత్యాలు రూపొందించాలి. అర్హత పరీక్షలో దశ పేరు అడిగే ప్రశ్నల స్థానంలో, పిల్లలు చెప్పిన ఒక వాక్యమిచ్చి అందులోని తర్కాన్ని గుర్తించమనే ప్రశ్నలు చేర్చాలని శాఖలు సమష్టిగా కోరాలి.

ఏటా సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవ వేదికలపై మనం ఇంటి మాటను కీర్తిస్తాం. మర్నాడు ఒకటో తరగతిలో అదే మాట తప్పుగా లెక్కకు వస్తుంది. ఈ రెండు రోజుల మధ్య దూరం తగ్గించే బాధ్యతను విద్యాశాఖకు వదిలేసి, భాషాశాస్త్రం మన సొత్తని చెప్పుకోవడం తగదు.