ఒక్క స్టారు పిక్చరు

స్టార్ల కబుర్లు రాయమని మీరు ఉత్తరాలు రాస్తుంటారు. సరే, ఈ వారం ఒకే ఒక్క స్టారు కబురు. ఈ స్టారుకి మేకప్పు లేదు, కాల్షీట్లు లేవు, వెంట తిరిగే మేనేజరూ లేడు. 2025 ఏప్రిల్లో శ్రీకాళహస్తిలో ఒక జెలాటో కాఫీ షాపుకి నా సెల్‌ఫోనులో నేనే స్వయంగా నొక్కిన స్టారు అది. ఐదింటికి ఒకటి!

ఆ రోజు దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు పెనంలా కాలుతోంది. 'కాళహస్తి ఎండ' అని ఎవరైనా పిక్చరు తీస్తే వేరే విలన్ అక్కర్లేదు. ఎదురుగా అద్దాల తలుపు, లోపల ఏ.సి., రంగురంగుల ట్రేలు. వెళ్ళి దర్జాగా కూచుని "ఒక ఎస్ప్రెస్సో" అన్నాను. పేరు స్టయిలుగా ఉంది, అంతకు మించి నాకేం తెలీదు. చెప్పొద్దూ, డబరా గ్లాసులో నురగ తేలే కాఫీ తాగి పెరిగిన ప్రాణం నాది. వచ్చిందేమో బొమ్మల పెళ్ళిలో పెట్టే గిన్నెంత కప్పు. దాని అడుగున రెండు గుక్కలు. నూటపది రూపాయలు!

తెచ్చిన కుర్రాణ్ణి పట్టుకుని, "ఏమయ్యా, మిగతా కాఫీ ఎవరు తాగారు?" అన్నాను. పక్క టేబుళ్ళ వాళ్ళు గొల్లుమన్నారు. "అంతే సార్, వస్తాది" అన్నాడతను.

డైలాగు పేలాక ఊరుకుంటామా? తిరుపతి బస్సులో కూచుని దాన్నే రివ్యూగా రాసి, ఒక్క స్టారు పడేశాను. పదిహేడుమంది మెచ్చుకున్నారు. ఈ కాలమ్‌కి ఏ వారమూ అన్ని మెచ్చుకోళ్ళు రాలేదు మరి!

తర్వాత తెలిసిందేమిటంటే, ఎస్ప్రెస్సో అంటేనే అంత. సుమారు ముప్పై మిల్లీలీటర్లు. మన ఫిల్టరులో డికాక్షను తన పాటికి తాను బొట్టు బొట్టుగా దిగుతుంది. ఇది అలా కాదు, వేడి నీళ్ళని ఒత్తిడితో కాఫీపొడి గుండా తోసేసి అరనిమిషంలోపే పని కానిస్తారు. ఆవిరితో పనిచేసే ఇలాంటి మిషనుకి ఇటలీలో టూరిన్ నగరవాసి ఏంజెలో మొరియోండో 1884లోనే పేటెంటు తీసుకున్నాడు. అంటే మన మూకీలకన్నా పాతది. తెలీనిది నాకు, స్టారు పోయింది వాళ్ళకి.

అదలా ఉంచండి. జూన్ 27న మంచు విష్ణు 'కన్నప్ప' విడుదలైంది. కన్నప్ప కళ్ళిచ్చిన ఊళ్ళోనే జనం ఏమనుకుంటున్నారో విందామని జూలైలో మళ్ళీ వెళ్ళాను. ఎండ తగ్గలేదు. కాళ్ళు అదే షాపుకి లాక్కెళ్ళాయి. నన్నెవరూ గుర్తుపట్టలేదు, హమ్మయ్య అనుకుని మూల టేబులు దగ్గర కూచున్నాను.

తలుపు దగ్గర ఒక కుటుంబం ఆగిపోయింది. బంగారుపాళెం వైపు వాళ్ళు, రాహుకేతు పూజ చేయించుకుని వస్తున్నారు. కాళహస్తి దర్శనం అయ్యాక ఇంకో గుడికి పోకూడదు, చుట్టాలిళ్ళకి పోకూడదు, నేరుగా ఇంటికే పోవాలని జనంలో ఒక నమ్మకం. మనవడు లోపలికి లాగుతున్నాడు, కోడలు వెనక్కి లాగుతోంది. చివరికి అవ్వ తీర్పిచ్చింది. "ఇది గుడీ గాదు, చుట్టాలిల్లూ గాదు. లెక్కిచ్చి తినేదానికి దోసమేంది? పదండి లోపలికి."

జెలాటో షాపుల్లో ఒక మర్యాద ఉంది. ఏది కావాలో తేల్చుకోలేకపోతే చిన్న చెంచాతో రుచి చూపిస్తారు. కుర్రాడు మామిడి జెలాటో చెంచాతో ఇవ్వబోతే అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. "కొనకముందే ఎంగిలి చేసేదా?"

"ఇది కన్నప్ప ఊరు గదవ్వా! ఆయన రుచి చూసినాకనే గదా సామికి పెట్టినాడు" అన్నాడు కుర్రాడు.

అవ్వ నోటి నిండా నవ్వింది. చెంచా అందుకుంది. ఆ మాటతో టేబులంతా సినిమాల్లోకి వెళ్ళిపోయింది, నా పని సులువైంది. అవ్వ లెక్కలో కన్నప్పంటే రాజ్‌కుమారే. 1954లో కన్నడ 'బేడర కన్నప్ప'తో హీరో అయిన ఆయనే అదే ఏడు తెలుగు 'కాళహస్తి మహాత్మ్యం'లోనూ కన్నప్ప. టూరింగ్ టాకీసులో నేల మీద కూచుని చూసి, కన్ను పీక్కునే సీనులో గట్టిగా ఏడ్చేసిందట. కొడుకు ఒప్పుకోలేదు. "కృష్ణంరాజు ముందర ఎవురూ నిలబడరు" అన్నాడు. బాపుగారి 1976 'భక్త కన్నప్ప' అన్నమాట. మనవడికి మాత్రం న్యూజీలాండులో తీసిన కొత్త కన్నప్పే కన్నప్ప, అందులోనూ రుద్రుడుగా వచ్చిన ప్రభాసే ప్రాణం. "వాడెవురనుకున్నావురా, మా కృష్ణంరాజు తమ్ముని కొడుకే గదా!" అని తండ్రి ఆ పాయింటూ తన ఖాతాలోనే వేసుకున్నాడు.

ఇంతలో బిల్లొచ్చింది. కప్పు నూటయాభై చొప్పున మూడు కప్పులు.

ఆ పెద్దమనిషి మొహం మారిపోయింది. "ఏమప్పా! తోతాపురికి ధర లేక మా పక్క రోడ్డుమింద పారబోసినాము ఈ తూరి. ఈడ చెంచాడు మామిడికి నూటయాభయ్యా?" అన్నాడు. గొంతు పెద్దదే గానీ అది గొడవ గొంతు కాదు. ఆ వేసవి చిత్తూరు మామిడి రైతుల గోడు పేపర్లలో చదివినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. మనవడు ఫోను తీశాడు. "నాయినా, ఒక్క స్టార్ ఇస్తామా?"

కుర్రాడి చేతిలో చెంచా ఆగిపోయింది. నా చేతిలో కప్పు కూడా.

అతను నెమ్మదిగా చెప్పడం మొదలెట్టాడు. "అన్నా, మామూలు ఐస్‌క్రీములో సగందాకా గాలే ఉంటాదన్నా. చిలికేటప్పుడు నింపుతారు. దీంట్లో నిదానంగా చిలుకుతాము, గాలి తక్కువ. మీగడ తక్కువ, పాలెక్కువ. అందుకే బరువుగా ఉంటాది." వాయులింగం వెలసిన ఊళ్ళో గాలి తక్కువ ఐస్‌క్రీము! నాకు నవ్వొచ్చింది గానీ ఆ పెద్దమనిషికి రాలేదు. ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "తోతాపురి కలిసుండాది దీంట్లో" అన్నాడు. ఎవరి తోటదని అడిగాడు. డబ్బాలో గుజ్జుగా వస్తుందని, ఎవరిదో తమకి తెలీదని కుర్రాడన్నాడు. ఆయన మళ్ళీ ఏమీ అనలేదు. కప్పు ఖాళీ చేసి, లెక్కపెట్టి డబ్బులిచ్చి, అవ్వ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. స్టారు నొక్కారో లేదో నేను చూడలేదు.

షాపు ఖాళీ అయింది. "ఒక్క స్టారంటే అంత భయమా తమ్ముడూ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

కాఫీ మిషను పక్క గోడ చూపించాడు. ఒక కాయితం అంటించి ఉంది. దూరం నుంచే పోల్చుకున్నాను. నా డైలాగే, పెద్ద పెద్ద అక్షరాల్లో!

"బాగా రాసినాడు సార్ ఆయప్ప. చదివినోళ్ళంతా నవ్వుతారు. నేనూ నవ్వినా. కాకపోతే మిగతా కాఫీ ఎవురు తాగినారని ఉండాది గదా... మా ఓనరు నన్ను పిలిచి, నువ్వేమన్నా తాగినావారా అని అడిగినాడు. అందరి ముందర. ఆ నెల ఐదొందలు పట్టినాడు. అది పోతే పోయింది. మా అమ్మ గూడా అడిగింది సార్, నిజంగా తాగినావా అని."

ఇంటర్వెల్లో కరెంటు పోయినట్టయింది నాకు. ఎస్ప్రెస్సో చల్లారిపోయింది. ముప్పై మిల్లీలీటర్లు చల్లారడానికి ఎంతసేపు పడుతుంది?

"అది రాసింది నేనే" అన్నాను.

సినిమా అయితే ఇక్కడ కుర్రాడి మీద క్లోజప్ వేసి, వెనక వయొలిన్లు మోగించేవారు. ఏమీ మోగలేదు. కాలేజీ అమ్మాయిలు నలుగురొచ్చారు. చాక్లెట్టు రుచి చూపించమన్నారు, పిస్తా చూపించమన్నారు, అఫోగాటో అంటే ఏమిటని అడిగారు. జెలాటో మీద వేడి వేడి ఎస్ప్రెస్సో పోస్తారని, ఇటలీ భాషలో ఆ మాటకి మునిగిపోయింది అని అర్థమని ఓపిగ్గా చెప్పాడు. నేను బిల్లు కట్టి నిలబడ్డాను. ఇప్పుడే ఐదు స్టార్లు చేస్తానని ఫోను తీశాను.

"వద్దు సార్" అన్నాడు గబుక్కున. "ఇప్పుడు మార్చినారంటే నేనే కాళ్ళు పట్టుకుని మార్పించినా అంటారు. స్టారు అట్లే ఉండనీండి. ఆ ఒక్క మాట మాత్రం తీసేయండి."

రైలుకి ఇంకా టైముంది. కాళహస్తి స్టేషను బెంచీ మీద కూచుని ఆ వాక్యం తీసేశాను. అది పోయాక మిగిలింది 'కాఫీ కొంచెమే ఇచ్చారు' అన్న ముక్క ఒక్కటే. మెచ్చుకున్న పదిహేడుమందీ మాత్రం ఇంకా అలాగే ఉన్నారు.