ఆనాటి స్మరణ ఈనాడే: శేషప్ప శతకం, ముకుందమాల

ఇటీవల రెండు లఘుగ్రంథాలను జంటగా పారాయణ చేసే భాగ్యం కలిగింది. మొదటిది మా జగిత్యాల సీమలో, ధర్మపురి గోదావరీతీరాన వెలసిన లక్ష్మీనృసింహస్వామిని సంబోధిస్తూ శేషప్ప కవి రచించిన నరసింహ శతకం. రెండవది కులశేఖరుల ముకుందమాలా స్తోత్రం. ఒకటి తెలుగు సీసాల మాల, మరొకటి సంస్కృత శ్లోకాల మాల. దేశకాలభాషలలో దూరమైన ఈ రెండూ ఒకే శంక వద్ద కలుసుకొంటున్నాయి.

ప్రాణోత్క్రమణ సమయాన కఫవాతపిత్తాలు ప్రకోపించి కంఠం మూతపడినప్పుడు భగవన్నామం నాలుక మీదికి వస్తుందా? ఇదే ఆ శంక. కులశేఖరులు తమ మనస్సనే రాజహంసను స్వామి పాదపద్మాల పంజరంలో నేడే ప్రవేశింపనిమ్మని వేడుకొన్నారు. శేషప్ప కవి అవే త్రిదోషాలను పేర్కొని, యమభటుల రాకను తలచుకొని, ఆనాడు చేయవలసిన భజనను ముందుగానే సమర్పిస్తానని, స్వామి దానిని ఆలకించాలని ప్రార్థించారు. ధర్మపురి క్షేత్రంలో యమధర్మరాజుకు ప్రత్యేక ఆలయం ఉన్నది. ధర్మపురికి వెళ్లినవారికి యమపురి ఉండదని మా ప్రాంతంలో నానుడి. అట్టి క్షేత్రాన్ని ఆశ్రయించిన కవికి మృత్యువు కేవలం వర్ణనావస్తువు కాదని నా అభిప్రాయం.

అర్చకులకు ఈ శంక గ్రంథాలలో కంటె గృహాలలోనే తరచుగా ఎదురవుతుంది. కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఎన్నో కుటుంబాల కుమారులు గల్ఫ్ దేశాలలో ఉన్నారు. తండ్రి చివరి గడియలలో వారు దగ్గర ఉండలేరు. “అయ్యగారూ, మా నాయన జన్మంతా స్వామిని కొలిచిండు. పక్షవాతంతోని మాట పడిపోయింది, దవాఖానల గొంతుల గొట్టం పెట్టిండ్రు. చివరికి నామం అనలేదు. ఆయనకు సద్గతి ఉంటదా?” ఇట్టి ప్రశ్నకు ఓదార్పుమాట చాలదు, శాస్త్రసమ్మతమైన సమాధానం కావాలి.

గీత ఎనిమిదవ అధ్యాయంలో భగవానుడు అంత్యకాలస్మరణకు పరమఫలాన్ని చెప్పిన మాట నిజమే. అయితే ఆ మాటతో ఆగలేదు. జీవుడు ఏ భావంతో నిరంతరం భావితుడై ఉంటాడో ఆ భావాన్నే చివర పొందుతాడని వెంటనే వివరించి, కనుక సర్వకాలాలలోనూ తనను స్మరించమని ఆదేశించాడు. ఆ అనుస్మరణ మరణపర్యంతం ప్రతిదినం సాగాలని, స్వధర్మాచరణ దానికి తోడ్పడాలని భగవద్రామానుజులు వ్యాఖ్యానించారు. అనగా అంత్యస్మృతి ఒక క్షణంలో ఉత్తీర్ణులం కావలసిన పరీక్ష కాదు, దీర్ఘాభ్యాసానికి పరిపాకం.

అభ్యాసం ఉండికూడా దేహం సహకరించకపోతే ఏమి గతి? దీనికి శ్రీవైష్ణవ సంప్రదాయం వరాహ చరమశ్లోకాన్ని చూపుతుంది. మనస్సు స్వస్థంగా, ధాతువులు సమంగా ఉన్న కాలంలో తనను తలచిన భక్తుడు చివర కాష్ఠపాషాణాల వలె పడి ఉన్నప్పుడు, అతనిని తానే స్మరించి పరమగతికి చేరుస్తానని భగవానుడు అక్కడ ప్రతిజ్ఞ చేశాడు. స్మరించే భారం భక్తుని నుండి భగవంతునికి మారింది. శేషప్ప కవి ప్రార్థనలోని ధైర్యానికి మూలం ఇదేనని నేను భావిస్తున్నాను. స్వామి నేడు విన్న పిలుపును ఆనాడు మరువడు.

కనుక పలుకలేక వెళ్లిన పెద్దలను గూర్చి శోకించేవారు, ఆ చివరి మౌనాన్ని చూచి వారి గతిని నిర్ణయించరాదు. అట్లే ప్రాణం పోతున్నవారిని నామం పలుకుమని నిర్బంధించరాదు. వారి చెవి దగ్గర మనమే మృదువుగా నామం చెప్పడం ఉచితం.

దీనిని వాయిదాకు అనుమతిగా గ్రహించడం మాత్రం ప్రమాదం. తెలుగు భాగవతంలో ఏర్చూరి సింగన రచించిన షష్ఠస్కంధంలోని అజామిళుని కథను చూపి, చివర ఒక్కసారి పిలిస్తే చాలును గదా అనేవారున్నారు. ఆ అజామిళుడు సైతం విష్ణుదూతలు విడిపించిన తరువాత విరక్తుడై గంగాద్వారానికి వెళ్లి సాధన చేశాడని వారు గమనించాలి. పైగా వరాహవచనం స్వస్థకాలంలో తలచినవానికే అభయమిచ్చింది.

నరసింహ శతకాన్ని మనం పిల్లల కంఠస్థానికి పరిమితం చేశాము. అది నలుబది దాటినవారు మరల తెరువవలసిన గ్రంథం. సంధ్యాదీపం వద్ద దినమునకు ఒక్క పద్యం చాలును. దూరదేశంలో ఉన్న కుమారుడు ఫోనులో క్షేమసమాచారం అడిగిన పిదప, తండ్రికి మాట, వినికిడి బాగున్న ఈ రోజులలోనే ఆయనతో కలిసి ఒక పద్యం చదువుకొనవచ్చును. దానికి రెండు నిమిషాలు పట్టవు.

శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు.