మోటారు తిరుగుచున్నది, నీళ్లు రావు



ఎండలు ముదిరినప్పుడు గృహ దర్శనములలో తరచుగా వినబడు మాట: "అయ్యగారూ, మోటారు తిరుగుతోంది గాని చుక్క నీరు రావడం లేదండీ." ఇక ఆ యింటి తల్లి బిందె చంకనెత్తుకొని పొరుగువారి బావికి నడవవలసినదే. ఇంటివారు తోచక స్విచ్చి వేసి, తీసి, మరల వేయుచుందురు. అలాగే మోటార్లు కాలిపోవుచున్నవి. ఒక్కొక్కచోట ప్రాణములే పోవుచున్నవి. కావున బావి గట్టున పెట్టు చిన్న మోటారు పంపును గూర్చి ఈ నెల కొన్ని మాటలు.

మొదటిది కరెంటు. మోటారును ముట్టకముందు ప్లగ్గు ఊడదీయండి, లేదా మెయిన్ ఆపండి. స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు. వైరింగు తారుమారైనచోట స్విచ్చి ఆపినా మోటారులో కరెంటు ఉండవచ్చును. తడి చేతులతో, వట్టి కాళ్లతో దగ్గరకు పోవద్దు.

రెండవది శబ్దము. మోటారు వేసినప్పుడు ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజు, ప్లగ్గు, వైరు చూడవలెను. మూలుగుచు తిరగకపోతే వెంటనే ఆపండి. లేకపోతే లోపలి చుట్ట కాలిపోవును. వోల్టేజి తక్కువై యుండవచ్చును, తుప్పుతో బిగిసి యుండవచ్చును, లేదా కెపాసిటరు పోయి యుండవచ్చును. కెపాసిటరులో కరెంటు ఆపిన తరువాత కూడ విద్యుత్తు నిలిచియుండును గనుక దానిని పని తెలిసినవారికే విడువండి.

మూడవది, చక్కగా తిరుగుచు నీరు ఇవ్వకపోవుట. ఇందులో తప్పు సాధారణంగా మోటారుది కాదు. పంపులో గాలి చేరితే అది నీటిని ఎత్తలేదు. పైనున్న మూత విప్పి, బుడగలు ఆగువరకు నీళ్లు పోసి నింపండి. పోసిన నీరు నిలువక దిగిపోతే, అడుగునున్న ఫుట్‌వాల్వులో ఆకో, ఇసుకో చిక్కినది, లేదా దాని వాషరు అరిగినది. పైపును పైకి లాగి శుభ్రము చేయవలెను. ఒంటరిగా బావిలోకి దిగవద్దు. నీరు నిలిచినా పంపు ఎత్తకపోతే, బావిలోకి దిగు పైపు అతుకులలో గాలి పీల్చుచున్నదేమో చూడండి.

నీటిమట్టము పడిపోయినదేమో కూడ కొలవండి. గట్టు మీది పంపు నీటిని లాగదు. బయటి గాలి ఒత్తిడియే నీటిని పైపులోకి నెట్టును. ఈ సంగతిని 1644లో ఇటలీ దేశస్థుడైన టోరిసెల్లి వివరించెను. లెక్క ప్రకారము 34 అడుగులు, వాడుకలో సుమారు 25 అడుగులు దాటితే ఎంత పెద్ద మోటారైనా లాభము లేదు. అప్పు చేసి ఎక్కువ హార్సుపవరు మోటారు కొనకండి. పంపును క్రిందికి దించవలెను, లేదా నీటిలో మునిగియుండు సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టవలెను.

ఎర్తు వైరు, 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. ప్రతి ఇంట ఉండవలెను. ఎవరికైనా షాకు తగిలితే ముట్టక మొదట కరెంటు ఆపండి. అది కుదరకపోతే ఎండిన కర్రతో నెట్టి విడిపించండి, 108కి ఫోను చేయండి.

"ప్రార్థన చేస్తే చాలదా?" అని కొందరు అడుగుదురు. ఆదికాండము 26వ అధ్యాయము చూడండి. ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిన తన తండ్రి బావులను ఇస్సాకు మరల త్రవ్వించెను. అతడు బలిపీఠము కట్టి ప్రార్థించిన భక్తుడే. అయినను మన్ను ఎత్తక మానలేదు. విశ్వాసము పలుగు, పారలను పక్కన పెట్టించదు.

తండ్రులారా, మన కుటుంబములలోనూ ఇట్లే జరుగును. ఇంట మన గొంతు రోజంతా మోగుచుండును గాని పిల్లల దాహము తీరదు. శబ్దము పెంచినందున నీరు రాదు. ముందు మనము వాక్యముతో నింపబడవలెను. అడుగున చిక్కిన కోపమును, పంతమును తీసివేసికొనవలెను.

ప్రభువు మీ గృహములను, మీ బావులను ఆశీర్వదించును గాక. ఆమేన్.