పోదామా, ఉందామా - తేల్చేదెవరు?

చెనిక్కాయ పంట చేతికొచ్చినా రాకపోయినా, కార్తీకం దాటేసరికి అనంతపురం పల్లెల్లో ఇంటింటా ఒక లెక్క మొదలవుతుంది. ఈ ఏడు బెంగుళూరుకు పోదామా, ఉందామా? పోతే అందరమూ పోదామా, మొగుడూ పెళ్ళాలమే పోదామా? పిల్లలను ఎవరి దగ్గర వదలాలి? ఎనుమును అమ్మాలా, ముసలమ్మ చూసుకోగలదా? ఉగాదికి తిరిగొచ్చేసరికి అడ్వాన్సు తీరుతుందా? ఒక్కో రూపాయినీ తడిమి చూసుకుంటూ, ఎంతో జాగ్రత్తగా వేసే లెక్క ఇది. మన సభల్లోకి, ప్రాజెక్టు రిపోర్టుల్లోకి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క కనబడకుండా పోయి "వలస సమస్య" అనే మాట ఒక్కటే మిగులుతుంది. సమస్య అన్నాక నివారణ కావాలి. నివారణ అన్నాక, వెళ్ళేవాళ్ళు సొంత ఆలోచన లేనివాళ్ళుగా, తరిమితే పోయి ఆపితే ఆగేవాళ్ళుగా కనిపిస్తారు.

వాళ్ళు ఆలోచించే వెళుతున్నారు. మనం అడగవలసింది వేరు. ఆ ఆలోచనలో ఆడవాళ్ళ మాటకు ఎంత చోటుంది? వాళ్ళ లాభనష్టాలు ఆ లెక్కలోకి ఎక్కుతున్నాయా?

ఈ నేల సంగతి మన పాఠకులకు కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ కావలసిన కార్తెలో పడదు. నైరుతి వానలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య వానలకు సముద్రం దూరం. పలుచటి ఎర్రనేలలో వాన మీద ఆధారపడి వేసే ఒకే పంట, దాని చుట్టూ అప్పు, ఆ అప్పు తీరుతుందనే ఆశతో వేసిన బోరు, అది ఎండితే ఇంకో బోరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను అనంతపురం, శ్రీసత్యసాయి అని రెండు చేశారు గానీ కరువుకు ఆ సరిహద్దు పట్టలేదు. వలస కూడా కొత్తది కాదు. 1876-78 నాటి ధాత కరువులో జనం ఊళ్ళు వదిలి కదిలారు. అప్పటి సహాయ పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా అని కట్టిన ప్రభుత్వం ఆడమనిషికి అంతకన్నా తక్కువే కట్టింది. తర్వాతి కాలంలో సుగ్గి పేరుతో నీళ్ళున్న చోట్లకు కోతలకు పోవడం ఉండేది. అది పొలం నుంచి పొలానికి పోయే వలస. ఇప్పటిది పొలం నుంచి బేల్దారి పనికి, అపార్టుమెంట్లలో పాచిపనికి, దుస్తుల ఫ్యాక్టరీలకు. హిందూపురం నుంచి బెంగుళూరు వంద కిలోమీటర్ల దూరమే.

ఇక్కడ మా శాస్త్రం వాళ్ళ పని గురించి ఒక మాట చెప్పాలి. జనాభా లెక్కల్లో ఊరు మారడానికి కారణం ఒకటే రాసుకుంటారు. పని, వ్యాపారం, చదువు, పెళ్ళి, కుటుంబంతో రావడం, ఇలా కొన్ని గడులుంటాయి. ఆడవాళ్ళ వలసకు అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్ళి అని ఆ లెక్కలు చెబుతూ వస్తున్నాయి. భర్త వెంట బెంగుళూరు చేరి మర్నాటి పొద్దున్నే ఇసుక తట్ట ఎత్తుకున్న మనిషి "కుటుంబంతో వచ్చింది" అనే గడిలోకి పోతుంది. ఆయన పని కోసం వచ్చినట్టు, ఆమె ఆయన కోసం వచ్చినట్టు. పైగా 2021లో జరగవలసిన లెక్కింపుకు చివరికి 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. మార్చి అంటే ఈ పల్లెల్లో ఇళ్ళకు తాళాలు వేలాడే నెల.

కాగితం మీద జరిగేదే ఇంట్లోనూ జరుగుతుంది. పనిని ఊళ్ళోకి తెచ్చేది మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చేది మగవాడి చేతికి, పుస్తకంలో రాసుకునేది మగవాడి పేరు. పని లెక్క మాత్రం జంటకు. ఆ అప్పు తీరేదాకా ఇద్దరి ఒళ్ళూ తాకట్టులోనే ఉంటాయి, ఎంత తీరిందో తెలిసేది ఒకరికే. తట్ట మోసేదానికి ఆడవాళ్ళనీ, గోడ కట్టేదానికి మగవాళ్ళనీ ముందే విడదీసి, తర్వాత "పని వేరు కాబట్టి కూలి వేరు" అంటారు. సమాన పనికి సమాన వేతనం అని 1976 నుంచి చట్టం ఉంది. అది ఈ విభజన దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. పదేళ్ళు సిమెంటు అందించిన స్త్రీని ఎవరూ బేల్దారి అనరు, ఆమె చేతికి తాపీ ఇవ్వరు.

ఇన్ని ఉన్నా, ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడిగితే నగరం గురించి వాళ్ళు చెప్పే మాటలు మన నివేదికలంత చీకటిగా ఉండవు. అక్కడ ఏ వీధి మనిషివని అడిగేవాళ్ళు తక్కువ. దళితవాడ నుంచి పోయిన ఆమెకు ఇది చిన్న విషయం కాదు, సుగాలీ తాండా నుంచి పోయిన ఆమెకూ కాదు. భర్త పోయిన ఆడమనిషి పొద్దున ఎదురొస్తే పక్కకు తప్పుకునే ఊరు ఒకవైపు, ఆమె ఎవరో కూడా తెలియని వీధి ఒకవైపు. నాలుగు ఇళ్ళలో పాచిపని చేస్తే నెలకు నాలుగు చోట్ల నుంచి తన చేతికే డబ్బు వస్తుంది. ఒక ఇంట్లో అవమానం జరిగితే ఆ ఇల్లు మానేయవచ్చు. ఊళ్ళో ఆసామి చేను మానేస్తే ఇంకో చేను దొరకదు. ఇంటిపనికి కనీస వేతనాన్ని కర్ణాటక 2004లోనే ప్రకటించింది. అమలు సంగతి వేరు, కానీ అడగడానికి ఒక కాగితమైతే ఉంది.

ఇంకొకటి ఏ వలస నివేదికలోనూ లాభాల కింద రాయరు. 2016 ఏప్రిల్‌లో భవిష్యనిధి డబ్బు తీసుకోవడం మీద కేంద్రం ఆంక్షలు పెట్టినప్పుడు బెంగుళూరు దుస్తుల ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వేలాదిగా పని ఆపి రోడ్ల మీదికి వచ్చారు. హోసూరు రోడ్డు స్తంభించింది. రెండు రోజుల్లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. పల్లెలో ఒక్కో చేలో పదిమందిగా చెదిరి ఉండే శ్రమ నగరంలో ఒక గేటు ముందు వేలమందిగా నిలబడగలదు. ఇది కూడా లెక్కలో వేయవలసిందే.

రెండో వైపు చూద్దాం. సైటు పక్కన రేకుల షెడ్డు, ట్యాంకరు నీళ్ళు, మరుగు లేని స్నానం, చీకటి పడేదాకా ఆపుకోవలసిన ఒంటి అవసరాలు. ఇవి మగవాడు వేసే లెక్కలో ఖర్చు కింద రావు, ఎందుకంటే వాటికి డబ్బు పెట్టరు. ఆ ఖర్చు ఆమె ఒంటి మీద పడుతుంది. చంటిబిడ్డను చూసుకోవడానికి ఎనిమిదేళ్ళ ఆడపిల్లను బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. తల్లి కూలి నిలబడింది ఆ పిల్ల చదువు మీద. యాభైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే నిర్మాణాల్లో పిల్లల గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. పెద్ద సైటులో ఐదారుగురు సబ్ కాంట్రాక్టర్లు, ఒక్కొక్కరి కింద ఇరవైమంది. ఏ పుస్తకంలోనూ యాభై కనిపించదు. సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. ఆ రుజువు కోసం మళ్ళీ మేస్త్రీ దగ్గరకే పోవాలి.

సరిహద్దు దాటితే హక్కులు ఏమవుతాయో చూడాలంటే కొడికొండ చెక్‌పోస్టు దాకా బస్సెక్కితే చాలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. అంతర్రాష్ట్ర సర్వీసులకు అది వర్తించదు. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం ఉంది. అది ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న ఆడవాళ్ళకు. రెండు రాష్ట్రాలూ ఆడవాళ్ళకు ఉచితం అంటున్న ఈ కాలంలో, గుడ్డల మూటతో పనికి పోయే కదిరి ఆడమనిషి బెంగుళూరు బస్సులోనూ టిక్కెట్టు కొంటుంది, దిగాక సైటుకు పోయే సిటీ బస్సులోనూ కొంటుంది. రేషను కొంత నయం. 2020 జనవరి నుంచి ఒకే దేశం ఒకే రేషను కింద రెండు రాష్ట్రాల్లోనూ కార్డు చెల్లుతుంది, నగరంలో కొంత, ఊళ్ళో మిగిలింది తీసుకోవచ్చు. కానీ అంగన్‌వాడీలో పేరు, తల్లీబిడ్డల టీకాల కార్డు, పొదుపు సంఘంలో సభ్యత్వం ఇవన్నీ ఊరికి ముడిపడినవి. వరుసగా కూటాలకు రాని సభ్యురాలిని సంఘం ఏం చేయాలి? అప్పు వంతు వచ్చినప్పుడు ఆమె బెంగుళూరులో ఉంటే వంతు పోయినట్టేనా? ఇది ప్రభుత్వం తేల్చవలసినది కాదు. మన సంఘాల తీర్మానాల పుస్తకాల్లోనే తేలవలసినది.

వెళ్ళినవాళ్ళ గురించి ఇంత మాట్లాడాక, ఉండిపోయినవాళ్ళను మరిచిపోకూడదు. ప్రతినెలా ఒకటో తేదీ పింఛను ఊళ్ళోనే ఇస్తారు కాబట్టి అవ్వ ఊళ్ళోనే ఉంటుంది. ఆమె దగ్గర మనవళ్ళు ఉంటారు. మగవాడు ఒక్కడే పోయిన ఇంట్లో భార్య చేను చూస్తుంది, గొడ్లను చూస్తుంది, బ్యాంకువాళ్ళకూ వడ్డీవాళ్ళకూ జవాబు చెబుతుంది. పాసుపుస్తకం మాత్రం ఆయన పేరు మీద. పంట నష్టపరిహారం వచ్చిందో లేదో ఆయనకు ఫోను చేసి కనుక్కోవాలి. ఉండిపోవడాన్ని మనం ఎప్పుడూ ఏమీ జరగనట్టుగా చూస్తాం. ఇక్కడ ఉండిపోవడం అంటే రెండింతల పని, అధికారం లేని బాధ్యత.

ఉండాలనుకునేవాళ్ళకు ఊళ్ళో ఏముంది? గ్రామీణ ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఏడాదికి వంద రోజుల పని, ఆడా మగా ఒకే కూలి, పనిదినాల్లో మూడో వంతు ఆడవాళ్ళకు అని చట్టం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి మించి పనిదినాలు ఆడవాళ్ళే చేశారు. "ఈ ఏడు నేను రాను" అని భర్తతో అనగలిగే ధైర్యం చాలామందికి ఆ జాబ్ కార్డు ఇచ్చింది. తర్వాత కూలి ఆలస్యాలు వచ్చాయి, 2024 జనవరి నుంచి ఆధార్ ముడి తప్పనిసరి అయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో మరో చట్టం చేసింది. అందులో 125 రోజులని ఉంది. విత్తనం, కోత కాలాల్లో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపవచ్చనీ, ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలనీ కూడా ఉంది. వాన పడక విత్తనమే పడని జూన్ నెల ఇక్కడ ఎన్నోసార్లు చూశాం. అప్పుడు క్యాలెండరు చూసి పని ఆపితే ఆ ఇంటి ఆడమనిషి ముందు మిగిలేది బెంగుళూరు బస్సే.

వలస కార్మికుల చట్టమూ మారింది. ఐదుగురిని తీసుకుపోయే కాంట్రాక్టరుకైనా వర్తించేది 1979 నాటి చట్టం. ప్రయాణ ఖర్చుతో పాటు, ఊరు వదిలినందుకు ప్రత్యేక భత్యం ఇవ్వాలనేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ పదిమంది ఉంటేనే వర్తిస్తుంది, ఆ భత్యమూ పోయింది. ఒక మేలు జరిగింది. మేస్త్రీ లేకుండా తమంతట తాము వెళ్ళినవాళ్ళు కూడా ఇప్పుడు వలస కార్మికుల నిర్వచనంలోకి వచ్చారు. మన కార్యకర్తలు ఈ ఒక్క వాక్యాన్నైనా పట్టుకుని రెండు రాష్ట్రాల కార్మిక శాఖల దగ్గరకు పోవాలి.

ఇక ఒక ఇబ్బందికరమైన మాట. కదిరి వైపు నుంచి పని ఇప్పిస్తామని ఆడవాళ్ళను పూణే, ముంబయి, ఢిల్లీలకు తీసుకుపోయి అమ్మిన ఘోరాలు మనకు తెలుసు. తిరిగొచ్చినవాళ్ళే సంఘం కట్టుకుని కోర్టుల్లో నిలబడ్డారు. ఆ భయంతో చాలా సంస్థలు ఆడపిల్లలను ఊరు దాటనివ్వకుండా చూడటమే రక్షణ అనుకుంటున్నాయి. గ్రామ కమిటీలు పెట్టి ఎవరి కూతురు ఎక్కడికి పోతోందో రాసుకుంటున్నారు. ఊరి పెద్దమనుషులు ఎప్పటినుంచో చేస్తున్న కాపలాకు మనం రిజిస్టరు ఇచ్చినట్టవుతుంది. తెచ్చుకున్న అప్పు, దొంగ హామీ, చేతిలో ఫోను నంబరు లేకపోవడం, ఎక్కడికి తీసుకుపోతున్నారో తెలియకపోవడం, ఇవి ఆమెను ప్రమాదంలో పడేస్తాయి. ఇంటర్ చదివిన పిల్ల పెనుకొండ దగ్గర 2019లో మొదలైన కార్ల ఫ్యాక్టరీలోనో, తూముకుంట పారిశ్రామికవాడలోనో, బెంగుళూరు పీణ్యాలోనో పని వెతుక్కుంటానంటే, ఆమెకు కావలసింది అక్కడి కూలి ఎంత, హాస్టలు ఎలాంటిది, కష్టం వస్తే ఎవరికి ఫోను చేయాలి అనే సమాచారం. పోవద్దని చెప్పేవాళ్ళు ఇంట్లో చాలామందే ఉన్నారు.

అందుకే ఈ జిల్లాల్లో పనిచేసే సంఘాలకు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ప్రతి ఊళ్ళో, ప్రతి తాండాలో ఆడవాళ్ళ కూటం ఒకటి విడిగా జరగాలి. పోవాలనుకునేవాళ్ళు, వద్దనుకునేవాళ్ళు, పోయి వచ్చినవాళ్ళు, ఎప్పుడూ పోనివాళ్ళు అందరూ అందులో ఉండాలి. అడ్వాన్సు ఎంత, ఎవరి పేరు మీద, కూలి విడివిడిగా ఇస్తారా, మరుగుదొడ్డి ఉందా, పిల్లల బడి ఎలా, అన్నీ అక్కడ అడిగి రాసుకోవాలి. ఆ కాగితం మీద మేస్త్రీ సంతకం తీసుకోవాలి. వెళ్ళినవాళ్ళ పొదుపు సభ్యత్వం ఆరు నెలలు నిలిపి ఉంచాలని సంఘాలు తీర్మానం చేయాలి. బెంగుళూరులో తెలుగు, కన్నడం రెండూ వచ్చిన కార్యకర్తల ఫోను నంబర్లు ఆ కాగితం వెనకవైపు ఉండాలి. ఏ ఊళ్ళో ఏ ప్రశ్నలు వచ్చాయో, మేస్త్రీలు ఏం జవాబు చెప్పారో రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం. మేస్త్రీలు దీపావళి తర్వాత ఊళ్ళల్లో తిరగడం మొదలుపెడతారు. కూటం తేదీ అంతకన్నా ముందే పెట్టుకోండి.