పల్నాటి ద్విపదకు పిల్లలే బాణీ కట్టాలి

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు. వీర విద్యావంతులనే గాయకుల గొంతుల్లో తరతరాలుగా నిలిచిన పల్నాటి వీరుల కథ ఇక్కడిదే. దాన్ని శ్రీనాథుడు ద్విపదలో రాశాడని ప్రతీతి. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి జనాన్ని కూర్చోబెట్టాడు. ‘పల్నాటి యుద్ధం’ పేరుతో 1947లో వచ్చిన సినిమాకు గాలిపెంచల నరసింహారావు, 1966లో వచ్చినదానికి సాలూరి రాజేశ్వరరావు సంగీతం కూర్చారు. అన్నింటిలోనూ బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు వాళ్లే. బాణీ కట్టినవారు మారినప్పుడల్లా కథ కొత్తగా వినిపించింది.

ఇంత పాట పుట్టిన సీమలో, సంగీతం నేర్చుకుంటున్న పిల్లను ‘నువ్వొక బాణీ కట్టు తల్లీ’ అని అడిగేవారు అరుదు.

సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అన్న క్రమం గొంతుకూ లయకూ గట్టి పునాది. దాన్ని పక్కన పెట్టాల్సిన పనిలేదు. అయితే ఆ దారిలో సొంత ఊహకు చోటు దొరికేది ఎప్పటికో, కల్పనస్వరాల దగ్గర. అంతవరకూ ఓపికగా నిలిచే పిల్లలు ఎందరు? సినిమా పాటలు నేర్చుకునేవారిదీ ఇదే పరిస్థితి. ఎవరో కట్టిన వరసను తప్పు లేకుండా తిరిగి పాడితే చదువు పూర్తయినట్టే. స్వరరచన మొదటి నెలలోనే మొదలుకావాలి. పల్నాడులో దానికి తొలి మెట్టు ద్విపద కావాలి.

కారణం ద్విపద నడకలోనే ఉంది. ఉండేవి రెండే పాదాలు. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. ఇంద్రగణాల్లో నల, భ గణాలకు నాలుగేసి మాత్రలు, మిగిలిన నాలుగింటికీ అయిదేసి. సూర్యగణానికి మూడే. దీన్ని అయిదు మాత్రల ఖండగతిలో పాడాలంటే నాలుగు మాత్రల గణాన్ని ఒక మాత్ర, చివరి గణాన్ని రెండు మాత్రలు సాగదీయాలి. ఏ అక్షరాన్ని సాగదీయాలి? బాలచంద్రుడి పేరు దగ్గర నిలవాలా, అతను కత్తి దూసిన మాట దగ్గర నిలవాలా? ఈ ప్రశ్నకు తనంతట తాను జవాబు వెతుక్కున్న పిల్ల అప్పటికే స్వరకర్త పని చేస్తోంది.

తర్వాత రాగం. మొదట మోహనం చాలు. స, రి, గ, ప, ద అనే అయిదు స్వరాలు. మధ్యమం, నిషాదం ఉండవు. పక్కపక్క స్వరాల మధ్య ఎక్కడా అరస్వరం దూరం లేదు కాబట్టి కొత్తగా పాడేవారు ఎటు కదిలినా చెవికి ఎబ్బెట్టుగా తోచదు. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం రూపొందించిన పాఠాల్లోనూ ఇలాంటి అయిదు స్వరాల వరసకే పెద్దపీట. మొదటి పాదాన్ని పంచమం మీద ఆపితే ఇంకా ఏదో చెప్పాల్సి ఉందనిపిస్తుంది. రెండో పాదం షడ్జమానికి దిగితే మాట పూర్తయినట్టుంటుంది. అదే ద్విపదను తారాషడ్జమం నుంచి ఎత్తుకుంటే రణభేరి. కాలం తగ్గించి, గాంధారం మీద నిలిపితే భార్య మాంచాల బాలచంద్రుణ్ని యుద్ధానికి సాగనంపే ఘట్టం. ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చాలి. ఫోన్లో రికార్డు చేసుకుని మర్నాడు వినాలి. నచ్చినదాన్ని స్వరాలతో రాసుకోవాలి.

పాత సాహిత్యానికి కొత్త బాణీ కట్టడం అపచారమని కొందరు పెద్దలు అనవచ్చు. వారు అన్నమయ్యను తలచుకోవాలి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తనలకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చారు. ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పని కొనసాగించారు. ఈనాడు తెలుగు ఇళ్లలో వినిపించే అన్నమయ్య పాటల్లో బాణీ చాలావరకూ మన కాలపు స్వరకర్తలదే. వారు వెనకాడి ఉంటే ఆ సంకీర్తనలు చదువుకునే సాహిత్యంగానే మిగిలిపోయేవి.

పిల్లల తొలి బాణీలు నిన్న విన్న సినిమా పాటలా ఉంటాయి. ఉండనివ్వాలి. పదో బాణీకి, ఇరవయ్యో బాణీకి సొంత దారి కనిపిస్తుంది. రాగం పట్టుబడనివారికి బుర్రకథ పద్ధతి ఉంది: తంబురా మీటుతూ, వేలికి అందె తొడుక్కుని తాళం వేసే కథకుడు, చెరోపక్క గుమ్మెట వాయిస్తూ వంతపాడే ఇద్దరు. ముగ్గురు పిల్లలు ఒక జట్టయితే ఒకరు వరస కడతారు, ఒకరు వంతపాట అల్లుతారు, ఒకరు దరువు చూసుకుంటారు.

నేర్పేవారు దూరంలో లేరు. పాదాన్ని ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో విద్యావంతులకు తెలుసు. రాగాన్ని అప్పటికప్పుడు పెంచుతూ పోవడం నాదస్వర విద్వాంసులకు నిత్యకృత్యం. వారిని బడికి పిలిచి, శాలువాతో సరిపెట్టకుండా, గంటకింత అని గౌరవంగా పారితోషికం ఇవ్వాలి.

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. జిల్లా విద్యాశాఖ ఈ పని చేపట్టాలి. మాచర్ల, గురజాల, నరసరావుపేట ఉన్నత పాఠశాలల్లో వారానికి ఒక పీరియడ్ కేటాయిస్తే చాలు. ఒక్కో జట్టు ఎనిమిది ద్విపదలకు బాణీ కట్టాలి. బాగున్నవాటిని కారంపూడి తిరునాళ్లలో ఒక సాయంత్రం, విద్యావంతుల ఎదుటే పాడించాలి. బాణీ ఎవరిదో ముందుగా మైకులో పేరు చదవాలి. ఆ రికార్డింగులను జిల్లా గ్రంథాలయంలో ఉంచితే, మరుసటి ఏడాది పిల్లలు వాటిని విని తమ బాణీ ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించుకుంటారు.