ముందు నిలబడాలనే కోరిక

అమెరికా హైస్కూళ్లలో మార్చింగ్ బ్యాండును ముందుండి నడిపించే విద్యార్థిని డ్రమ్ మేజర్ అంటారు. ఆ స్థానానికి పోటీ ఉంటుంది. చేతులతో తాళం చూపాలి, గట్టిగా ఆజ్ఞలివ్వాలి. ఎంపికైతే సాధారణంగా తన వాద్యం పక్కన పెట్టేయాలి. మైదానంలో అందరికీ కనబడేలా ఎత్తు మీద నిలబడతారు, ఒక్క స్వరమూ వాయించరు! మాకు నచ్చింది అదే.

ఆ డ్రమ్ మేజర్‌నే ఉపమానంగా తీసుకుని 1968 ఫిబ్రవరి 4న అట్లాంటాలోని ఎబెనెజర్ బాప్టిస్టు సంఘంలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ప్రసంగించారు. వాక్యభాగం మార్కు 10: కుడి ఎడమల కూర్చోవాలని అడిగిన యాకోబు, యోహానులు. ముందుండాలనే కోరికను చంపుకోమనలేదాయన, ప్రేమలో ముందుండమన్నారు. సరిగ్గా రెండు నెలలకు హతులయ్యారు.

ఆరాధన నడిపిస్తానని యౌవనస్థులెవరైనా అడిగితే "గర్వం" అని కూర్చోబెట్టే పెద్దలున్నారు. అది సరికాదంటాం మేము. అడగనివ్వండి. మైకు ఇచ్చేముందు మాత్రం, వెనక వరసలో పాట అందుకోలేని ముసలమ్మ కోసం వేగం తగ్గిస్తావా అని అడగండి.